ఒత్తిపట్టే చెయ్యి

సూర్యాపేట దవాఖానలో ఆ అటెండరు పని ఒక్కటే. తొడ దగ్గరి రక్తనాళం గుండా స్టెంటు వేశాక, నెత్తురు ఆగేదాకా ఆ చోటును చేత్తో ఒత్తిపట్టాలి. మొదటిసారి నా గుండెకు స్టెంటు వేసినప్పుడు, నా దగ్గర అరగంట అలాగే నిలబడ్డాడు.

"ఏ ఊరు సార్ మనది?" ప్రతి పేషెంటునూ అడిగే మాటే అది. "ఏదన్న ముచ్చట చెప్పుండ్రి. మీరు కదలొద్దు, నేను చెయ్యి తియ్యొద్దు. ఇద్దరికీ పొద్దు పోవాలె."

గరిడేపల్లి అన్నాను. నా భార్య పోయిన సంగతి, ఒక్కడి కోసం కూర వండబుద్ధి కాని సంగతి, ఎవరికీ చెప్పనివన్నీ ఆయనకు చెప్పాను.

రెండేళ్లకు పొట్టలోని పెద్ద రక్తనాళానికి స్టెంటు పడింది. ఈసారి డాక్టరే చర్మం పైనుంచి దారం పంపి, తొడ రక్తనాళంలోని రంధ్రాన్ని కుట్టేశాడు. నన్ను వార్డుకు తెచ్చాక ఆ అటెండరు వచ్చి, నా తొడ మీది చిన్న పట్టీని చూశాడు.

"ఇగ మా చేతులతోటి పని లేదు సార్." వెళ్లబోయాడు.

"తడి తగులుతున్నట్టుంది, జర సూడు," అన్నాను.

వేలితో తాకి చూశాడు. పట్టీ పొడిగానే ఉంది. నా ముఖం వైపు చూశాడు. స్టూలు లాక్కుని కూర్చుని, అరచెయ్యి మెల్లగా ఆనించాడు.

"ఏ ఊరన్నరు సార్?"