నిద్రపోని బొటనవేలు

రాజమణి నిద్రపోయినా ఆమె కుడిచేతి బొటనవేలు నిద్రపోదు. యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. మధ్యాహ్నం అన్నం తిని చాప మీద ఒరిగిందంటే ఒళ్లంతా రాయిలా పడి ఉంటుంది. వేలొక్కటే లేచి గాలిలో ఏదో రాస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి కీలు దగ్గర పట్టేసి, ‘టక్’మని విడిపోతుంది. ఆ చప్పుడుకు గోడ మీది బల్లి కూడా కదలడం మానేస్తుంది.

మనవరాలు సుజన పదో తరగతి రెండుసార్లు తప్పింది గానీ ఇలాంటి పరిశోధనల్లో ఎప్పుడూ ముందే. ఒకనాడు నిద్రలో ఉన్న నాయనమ్మ వేలి కింద మెల్లగా ఆమె ఫోనే పెట్టింది. వేలు ఆగింది. కాసేపు తడుముకుంది. తర్వాత తెలిసిన దారిలో నడిచినట్టు గబగబా కదిలింది. తెర మీద ‘నెత్తురు కక్కి ఏడు రోజుల్లో’ అని పడింది. పంపే గుర్తును కూడా గురి తప్పకుండా నొక్కింది. మరుక్షణం, తాళం వేసిన బీరువాలోంచి ‘టింగ్’ అని వినిపించింది. సుజన వాకిట్లో తేలింది.

ఆ బీరువాలో ఉన్నవి రెండేళ్ల కిందట చనిపోయిన తాత మొగులయ్య బట్టలు. తాళంచెవి ఎప్పుడూ రాజమణి నడుముకే ఉంటుంది. లోపల ఆ టింగుటింగులేమిటని అడిగితే ఎలుకలంది. ఎలుకలు టింగుమంటాయా అని సుజన నిలదీసింది.

“మన ఎలుకలు చదువుకున్నయి. నీ లెక్క కాదు.”

చివరకు వేలు వాచి వంకాయ రంగుకు తిరిగింది. గిన్నె ఎత్తితే జారిపోతోంది, జాకెట్టు గుండీ పెట్టుకోవడమూ కష్టమైంది. సుజన ఆమెను ఆటోలో చాంద్రాయణగుట్ట తీసుకెళ్లింది. డాక్టర్ ఆ వేలిని పిడికిట్లో మూయించి మణికట్టు కిందికి వంచేసరికి రాజమణి కళ్ల వెంట నీళ్లు కారాయి. రోజుకు ఎన్ని మెసేజీలు రాస్తారని అడిగితే, ఎన్ని వస్తే అన్ని అంది. వేలిని లాగే నరం రాపిడికి వాచిందని, ఆరు వారాలు ఫోన్ ముట్టొద్దని, ముడితే కోయాల్సి వస్తుందని చెప్పి పట్టీ కట్టాడు. పట్టీ లోపల కూడా వేలు కదులుతూనే ఉంది. అది చూస్తూ ఆయన చీటీ మీద సంతకం రెండుసార్లు పెట్టాడు.

మూడోనాడు పక్కింటి లావణ్య వచ్చింది. ఏడు నెలల కడుపు. కరుస్తుందేమో అన్నట్టు ఫోన్‌ను కొంగుతో పట్టుకుంది. కిరాణం బసవయ్య తనకొచ్చిన శాపం మెసేజీని కంగారులో చేతికందిన నంబర్లన్నిటికీ తోసేశాడు. వచ్చిన మూడోనాడు పొద్దుగూకేలోగా ఇరవై ఒక్కసార్లు పంపకపోతే ఇంట్లో పసిప్రాణం దక్కదట.

“రెండు దినాలాయె పెద్దమ్మా, నిద్ర లేదు. ఎవలకన్న పంపుదామంటే వాళ్లకు గూడ పిల్లలున్నరు.”

“నాకు పంపి నువ్వు పోయి పండుకో. ఇగ దాని ఫికర్ నాది.”

లావణ్య అటు వెళ్లగానే రాజమణి పళ్లతో పట్టీ ముడి విప్పబోయింది. సుజన చెయ్యి పట్టుకుంది. వేలు కోయించుకుంటావా అని అరిచింది. అప్పుడు బయటపడింది అసలు కథ. గల్లీలో ఎవరికి శాపం వచ్చినా ఇక్కడికే పంపుతారట, ఈసారి పట్టీ చూసి బసవయ్య జంకాడట. రాజమణి వాటిలో ఒక్కదాన్నీ బతికున్నవాళ్లకు పంపదు. అన్నీ మొగులయ్య నంబరుకే. అందుకే బీరువాలోని ఆ ఫోన్‌కు నెలనెలా రీచార్జి, ఆదివారం ఆదివారం చార్జింగు.

“ఆయన పోనే పోయిండు. ఇంకేం జేస్తది శాపం?”

“ఫార్వర్డ్ బాణం గుర్తు నొక్కితే నిమిషంల అయితది గద నాయనమ్మా. ఇన్నిసార్లు రాసుడేంది?”

“పోస్టుకార్డుల కాలంల గూడ చేత్తోనే రాసినం. చేత్తో రాయంది చెల్లది.”

సుజన ఫోన్ లాక్కుంది. పొద్దు స్టేషన్ రేకుల మీదికి వాలుతోంది. ఇలాంటివి ఆమె నమ్మదు. బాణం గుర్తు మీదికి వేలు తీసుకెళ్లింది. గోడ అవతల లావణ్య మంచం మీద అటూ ఇటూ పొర్లుతున్న చప్పుడు వినిపించింది. వేలు కిందికి దిగలేదు. తిట్టుకుంటూ మొదటి అక్షరం నుంచి రాయడం మొదలుపెట్టింది.

ఏడోసారికి బొటనవేలు లాగింది. పన్నెండోసారికి మణికట్టు దాకా మంట పాకింది. పంపిన ప్రతిసారీ బీరువా టింగుమంది. ఇరవై ఒకటోది పోయేసరికి రేకుల మీద ఎర్రటి గీత ఒక్కటే మిగిలింది. గోడ అవతల నుంచి సన్నగా గురక మొదలైంది.

సుజన నవ్వుకుంటూ ఫోన్ పక్కన పెట్టబోయి ఆగిపోయింది. పంపిన మెసేజీల కింద టిక్కులు ఒక్కొక్కటే నీలంగా మారుతున్నాయి. ఇరవై ఒకటీ. బీరువాకు తాళం అలాగే ఉంది. తాళంచెవి నాయనమ్మ నడుము దగ్గరే ఉంది. సుజన మెల్లగా ఫోన్ ఆమె ముందు పెట్టింది.

రాజమణి కళ్లు చికిలించి చూసి తృప్తిగా తల ఊపింది.

“చదువుతడు. ఆడ ఆయనకు వేరే పనేమున్నది? జర నువ్వు గూడ పండుకో అని రాయి.”

సుజన మండుతున్న వేలిని ఉఫ్ఫుమని ఊదుకుని, చేత్తోనే రాసింది.