గోడవార కంచాలు

మా పేటంతా ఆవిడను లెక్కలమ్మ అనేవాళ్ళం. డెబ్బైల్లో పటమట నుంచి బస్సులో నెలనెలా వచ్చి, ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు కొన్నాళ్ళకని పనికి వెళ్ళారో జనాభా రిజిస్టరులో రాసుకునేది. మా ఇంట్లో మంచినీళ్ళు అడిగి తాగే ఆఫీసు మనిషి ఆవిడొక్కతే.

ఏదైనా అడిగే ముందు గోడవార బోర్లించిన కంచాలు చూసేది. కూలికి ఊరు దాటేవాళ్ళు ఎవరి కంచం వాళ్ళు మూటలో పెట్టుకుని వెళ్తారని ఆవిడకు చెప్పింది మా అమ్మే.

"ఒకటి తక్కువుందే. మీ అమ్మ ఎక్కడికెళ్ళిందమ్మా?"

"మిరపకోతలకండీ, గుంటూరు వైపు."

"భయపడకు, ఇది ఉత్త లెక్క కోసమే," అని నా బుగ్గ తట్టేది.

ఒక ఏడు వేసవిలో పేదలకు ఇళ్ళస్థలాలు పంచారు. అమ్మ పేరు రాగానే ఆఫీసరు లెక్కలమ్మ వైపు చూశాడు. నా బుగ్గ తట్టిన చేత్తోనే ఆవిడ రిజిస్టరు తెరిచి, "ఈవిడ ఊళ్ళో ఉండదండీ," అంది. కొన్నాళ్ళకే వెళ్తుందన్న మాట ఆవిడ నోట రానేలేదు.

"కోతలకేగా వెళ్ళాను, మళ్ళీ వచ్చానుగా. మీకు తెలుసు కదండీ!" అంది అమ్మ.

లెక్కలమ్మ పేజీ తిప్పింది. మాకు స్థలం రాలేదు.

మరుసటి ఏడు కోతలకు వెళ్తూ అమ్మ తన కంచాన్ని గోడవారే వదిలి వెళ్ళింది. పేటంతా అలాగే చేసింది. లెక్కలమ్మ ఇంటింటి కంచాలూ చూసుకుంటూ మా గడప దగ్గరికొచ్చి, "ఈసారి అందరూ ఊళ్ళోనే ఉన్నారన్నమాట," అంది సంతోషంగా.

"ఉన్నారండీ," అన్నాను.

రాసుకుని, మంచినీళ్ళడిగింది. లేవన్నాను.