మఖ్మల్ పరిచిన స్నూకర్ బల్ల

ఒక్క గుడ్డముక్కతో మా దుకాణం పరువు, ఒక పెద్దమనిషి గడ్డం పరువు, నా పరువు మూడూ ఒకే పూటలో ఎలా తీయవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. అనుభవం మీద చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. హనుమకొండలో మాకు బట్టల దుకాణం. చదువు అయిపోయింది గానీ, గల్లాపెట్టె పక్కన కూర్చునే బుద్ధి ఇంకా పుట్టలేదు. మధ్యాహ్నం భోజనం వంక పెట్టి, బండి తీసుకొని కాజీపేటకు పోయేవాణ్ణి. అక్కడ స్టేషన్‌కు కొంచెం అవతల, ఒక పాత మేడపైన జలీల్ చాచా స్నూకర్ హాల్ ఉంది. హాల్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక బల్ల, గోడకు ఆనించిన ఎనిమిది కర్రలు. రైలు పోయినప్పుడల్లా బల్లమీద బంతులు సన్నగా వణికేవి. అది వెళ్లిపోయేదాకా చాచా చెయ్యెత్తి ఆట ఆపేవాడు.

బల్ల మాత్రం రాజాలా ఉండేది. కింద రాతిపలక, పైన బిగించి కట్టిన ఆకుపచ్చ ఉన్ని గుడ్డ. చాచా రోజూ పొద్దున్నే ఆ గుడ్డను బ్రష్‌తో ఒకే దిక్కుకు దువ్వేవాడు, బడికి పోయే పిల్లకు తల దువ్వినట్టు.

ఒక శుక్రవారం ఆయన నమాజుకు బయలుదేరుతూ, "జర హాల్ చూస్తుండు బిడ్డా. బల్ల మాత్రం ముట్టకు" అన్నాడు.

ముట్టకపోతే ఈ కథ ఎందుకుంటుంది? అంతకుముందు రోజే ఫోన్లో ఒక వీడియో చూశాను. ఒకాయన కర్రను నిలువుగా పట్టి పొడిస్తే, బంతి ఇంకో బంతి మీంచి కప్పలా దూకింది. నేనూ పొడిచాను. బంతి కదల్లేదు. చర్రుమని చప్పుడొచ్చింది. నేను బట్టల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి. ఆ చప్పుడు ఏమిటో నాకెవరూ చెప్పక్కర్లేదు.

సమోసా అంత చిరుగు.

చాచా వచ్చి చూశాడు. "ఏందిది?"

"ఎలుక కొరికినట్టున్నది చాచా."

ఆయన వంగి, చిరుగు అంచున అంటిన, కర్ర మొనకు రాసే నీలం చాక్‌ను వేలితో తుడిచాడు. "ఎలుక చాక్ గూడ రాసుకొని వచ్చిందా?"

ఆ తర్వాత తిడతాడనుకున్నాను. తిట్టలేదు. బెంచీ మీద కూర్చుండిపోయి, "ఎల్లుండి రామచంద్రం సార్ వస్తాండు బిడ్డా" అన్నాడు.

రామచంద్రం సార్ లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ముప్పై ఏళ్లుగా ప్రతి ఆదివారం చాచా, ఆయన ఆ బల్లమీదే ఆడుకునేవారు. ఆరు నెలల కిందట సార్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పుడిప్పుడే వేళ్లు కదులుతున్నాయి, కర్ర పట్టుకుంటానని కబురు పంపారు. చాచా ఆ ఆదివారం కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

"కొత్త గుడ్డ హైదరాబాద్ నుంచి రావాలె. బిగించే మేస్త్రీ గూడ ఆడికెల్లే రావాలె. పదిహేను రోజులైతది" అన్నాడు.

ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాట వినండి. "ఫికర్ చేయకు చాచా. మాది బట్టల దుకాణం. మా దగ్గర దొరకని గుడ్డ ఉంటదా?"

ఆ సాయంత్రం దుకాణంలో గల్లాపెట్టె మీదున్న మా బాపు అడిగాడు: "ఎనిమిది మీటర్ల పచ్చ మఖ్మల్ ఎందుకురా? బ్యాండ్ మేళం పెడ్తానవా?"

"దోస్తుగాని ఇంట్ల ఫంక్షన్. స్టేజికి."

బల్ల వెడల్పు ఎక్కువ, మఖ్మల్ పన్నా తక్కువ. రెండు ముక్కలు కలిపి నడిమధ్య కుట్టించాను. శనివారం దాన్ని పాత గుడ్డమీద పరిచి బిగించాను. దూరం నుంచి చూస్తే పెళ్లి రిసెప్షన్ స్టేజీలా ధగధగలాడింది. చాచా అరచేత్తో నిమిరాడు. "మెత్తగున్నది బిడ్డా. జర ఎక్కువనే మెత్తగున్నదేమో."

ఆదివారం పొద్దున సార్ ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కారు. చాచా సాయం పట్టలేదు, తనకూ మోకాళ్ల నొప్పులున్నట్టు నటిస్తూ పక్కనే నడిచాడు. మొదటి దెబ్బ చాచాదే. తెల్లబంతి రెండడుగులు పోయి, బురదలో దిగబడ్డ బర్రెలా ఆగిపోయింది. ఇంకా గట్టిగా కొట్టాడు. ఈసారి బంతి నడిమి కుట్టు ఎక్కి, పట్టాలెక్కిన గూడ్సు బండిలా ఆ చివరిదాకా పోయింది.

సార్ కాసేపు చూశారు. "ఇదేంది జలీల్? బంతికి గూడ పక్షవాతం వచ్చిందా?"

సారే ముందు నవ్వారు. నవ్వి నవ్వి బల్ల పట్టుకున్నారు.

బల్ల పట్టుకున్న చెయ్యి పచ్చబడింది. మఖ్మల్ రంగు వదులుతోంది! చాచా ఆలోచిస్తే గడ్డం నిమురుకునే మనిషి. ఆ రోజు ఆయన చాలా ఆలోచించాడు.

"జలీల్, నీ గడ్డానికి నాట్లేసినట్టున్నది!" అన్నారు సార్.

"నా గడ్డం ఇడిసిపెట్టు సార్. పచ్చబంతిని కొట్టు."

"ఏ పచ్చబంతి? రెండున్నయి గద!" రెండోది మా తెల్లబంతే.

ఎంత మెల్లగా కొట్టినా, ఎంత బలంగా కొట్టినా బంతి పోయేది అంతంతే. చివరికి సార్ వణికే చేత్తో ఒక ఎర్రబంతిని మూలనున్న గుంతలో వేశారు. వేసి, తన చేతినే చాలాసేపు చూసుకున్నారు.

సార్ వెళ్లాక, "మాఫ్ చేయి చాచా" అన్నాను.

"ఆర్నెల్లయింది ఆయన గిట్ల నవ్వక" అన్నాడు చాచా. "అట్లని నిన్ను మాఫ్ చేసిన అనుకోకు."

పదిహేను రోజులకు హైదరాబాద్ మేస్త్రీ వచ్చాడు. నేను కత్తెర పట్టుకొని మఖ్మల్ విప్పబోతుంటే సార్ నన్ను పక్కకు పిలిచారు. "పిలగా, దీన్ని ఇంకో నెల ఉంచరాదు? దీని మీదైతే మేమిద్దరం సమానం."

ఆ మాట చాచా చెవిన పడింది. పడనట్టే ఉండి, మేస్త్రీకి చాయ్ తాగించి, వచ్చే నెల రమ్మని పంపేశాడు.

కాబట్టి చదివేవారందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ బంతినీ గాల్లోకి లేపను. ఏ బల్లకూ గుడ్డ కప్పను. మాట తప్పితే నా చేతికి స్నూకర్ కర్ర ఇవ్వకండి.

చాచా ఎలాగూ ఇప్పటికీ ఇవ్వడం లేదు.