గెజిట్ గుమాస్తా గారు

బొబ్బిలిలో మా గోగునార మిల్లు హెడ్ గుమాస్తా గారు, కొత్త గెజిట్ వచ్చిందంటే భోజనం మానేసి చదివేవారు. అరవైల చివర నేనక్కడ టైపిస్టుని.

ఓ ఉదయం యజమాని నన్ను పిలిచి, కానుపు సెలవు మీద వెళ్లిన ఒక కూలిమనిషిని పనిలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం కొట్టమన్నారు. నేను మెషీన్లో కాగితం ఎక్కించానో లేదో, గుమాస్తా గారు గెజిట్ తెచ్చి ఆయన ముందు పరిచారు.

“సట్టం మారినాది బాబూ. కానుపుకెళ్లిన మనిషిని తీసీకూడదు.”

“ఏటి, మిల్లు నాది కాదేటి?” అని యజమాని కసిరారు.

“మిల్లు తమదే బాబూ. జైలు మాత్రం సర్కారుది.”

యజమానికి కోపంలోనే నవ్వొచ్చింది. ఉత్తరం వద్దన్నారు.

తిరిగి పనిలోకొచ్చిన రోజు ఆవిడ పసిదాన్ని గుమాస్తా గారి చేతుల్లో పెట్టింది. యజమానికి జంకని ఆ మనిషి చెమటలు కక్కుతూ, “తీస్కో తల్లీ, జారిపోతాది!” అన్నారు.