పేర్ల మీద ప్లాస్టర్

మా అక్క ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్లు నడుపుతుంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఇంట్లో కూర వడ్డించినా అందరి కంచాల్లోకీ తొంగిచూసి సర్దే రకం. నా రెండు కిడ్నీలూ చేతులెత్తేశాక, రోజు విడిచి రోజు నేనూ ఆమె చేతుల్లోనే పడ్డాను.

ఆ ఉదయం మూడు మిషన్లలో ఒకటి మొరాయించింది. మంచాల మీద ముగ్గురం: మాస్టారు, లారీ డ్రైవరు, నేను. మెకానిక్ రేపుగానీ రాడట; మిగతా రెండిటికీ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వేరే రోగులున్నారు. ఒక్క రోజు తప్పినా గుండె ఆగిపోవచ్చని ఒకసారి అక్కే చెప్పింది. కాళ్ళు అప్పటికే ఉబ్బిపోయాయి. భయంతో నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“చీటీలు వేద్దామమ్మా. ప్రాణాల్లో చిన్నా పెద్దా ఏముంది?” అన్నారు మాస్టారు.

“ఇదేమన్నా లాటరీనా అండీ? ముందొచ్చినవాళ్ళకే ముందు!” డ్రైవరు కస్సుమన్నాడు. ఇద్దరికంటే ముందొచ్చింది నేనని గుర్తొచ్చి, గప్‌చుప్‌గా పడుకున్నాడు.

అక్క రెండిటికీ ఒప్పుకోలేదు. “ఎవరి రక్తం ఎక్కువ పాడైతే వాళ్ళకే ముందు,” అంది. ఇలాంటప్పుడు ఆమెదొక పద్ధతి. రిపోర్టుల మీద పేర్లు కనబడకుండా ప్లాస్టర్ అంటించి అంకెలు మాత్రమే చూస్తుంది. ఎవరిదో తెలియకపోతే మొహమాటం ఉండదని. ఓసి పిచ్చి అక్కా! ఆ కాగితాల మీదుండే మా ముగ్గురి బరువులూ నిద్రలో లేపి అడిగినా చెబుతావు, పేర్లు కప్పితే ఏం లాభం?

మాస్టారి రక్తంలో పొటాషియం అందరికంటే ఎక్కువ. ఆయన్ని మొదట మిషన్ ఎక్కించింది. మిగిలిన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. అంకెలు ఒకటే. ఊడకుండా రెండు ప్లాస్టర్లనూ వేలితో అదిమింది. ‘అక్కా’ అని పిలవబోయి నోరు నొక్కుకున్నాను. పిలిస్తే ఆ ప్లాస్టర్ నేను పీకేసినట్టే.

అక్క వెళ్ళి డ్రైవరుకు రెండో మిషన్ సూది గుచ్చింది.

మధ్యాహ్నం నా పక్కన కూర్చుని తడిగుడ్డతో పెదాలు తడిపింది. “రేపు పొద్దున్నే నిన్నే మొదట ఎక్కిస్తా,” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ముందొచ్చింది నేను. చీటీ వేసినా నా పేరు రావచ్చు. అంకెలూ సమానమే. మరి నన్నే ఎందుకు ఆపావక్కా?”

ఆమె తడిగుడ్డ పిండి మంచం కమ్మీ మీద ఆరేసింది.

“నేను నీ చెల్లెల్ని కాకపోయుంటే?”

“నీకే ఇచ్చేదాన్ని,” అంది.

నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టసాగింది. మధ్యలో లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.