దొర్నిపాడు లైను స్విచ్చి

మా పుట్టింట్లో ఏ వ్యాపారం మొదలుపెట్టినా ఒక వాటా ఇంటి ఆడబిడ్డ పేర పెడతారు. బోణీ ఆమె చేతే. ఆళ్లగడ్డలో తమ్ముడు ఇంటర్నెట్ కంపెనీ పెట్టినప్పుడు ఆ ఆడబిడ్డను నేనే. అప్పటికి మా ఆయన పోయి, ఆస్ట్రేలియా వదిలేసి, నంద్యాలలో ఆయన కొన్న ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను.

ఏ ఊరికి కొత్త లైను వేసినా తమ్ముడు కారు పంపేవాడు. నేను పోయి స్విచ్చి వేసేదాన్ని. పెద్ద పనేమీ కాదు. కానీ ఆ పూట నలుగురూ అక్కా అని పిలిచేవాళ్లు, నలుగురితో కూర్చుని అన్నం తినేదాన్ని. మిగతా రోజుల్లో నా తలుపు కొట్టేది పాలమనిషి ఒక్కతే.

కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటివాళ్లనూ 'నెట్టు బాగొస్తాందా' అని అడగడం తమ్ముడి అలవాటు. నన్ను మాత్రం అడగడు. మన నెట్టు సంగతి మనల్నే అడిగేదేంది అంటాడు.

ఈ ఏడాది లైసెన్సు పనికి ఆడిటరు మా ఆళ్లగడ్డ ఇంటికి వచ్చాడు. కంపెనీ అసలు యజమానులెవరో, వాళ్లలో పరాయి దేశస్థులున్నారో లేదో రాసివ్వాలన్నాడు. అందరం ఈడోళ్లమే, రాసేయప్పా అన్నాడు తమ్ముడు. దొర్నిపాడుకు మనం లాగే వైరు ఏ దేశానికి కావాలని అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"నేనుండా కదప్పా," అన్నాను. "నా పాస్‌పోర్టు ఆస్ట్రేలియాది."

తమ్ముడికి ఆ సంగతి తెలియక కాదు, తట్టలేదు. "మా అక్క పరాయిదెట్లయితాది?" అని ఆడిటరు మీదికి లేచాడు. పుట్టిల్లు ఏదని ఎవరూ అడగరు, పౌరసత్వం ఏదనే అడుగుతారని ఆయన మెల్లగా చెప్పాడు. నా వాటా ఉండాలంటే ఢిల్లీ నుంచి అనుమతి రావాలి. అది ఎప్పటికొస్తుందో ఆయనకూ తెలియదు. అందాకా కొత్త లైన్లన్నీ ఆగాలి. ఆ వాటాను తమ్ముడి పాప పేరున మార్చేయమని నేనే చెప్పాను.

రూలు తప్పని అనను. ఇన్ని ఊళ్ల మంచీ చెడూ ఆ తీగల్లోనే పోతాయి. వాటి వెనక ఎవరున్నారో తెలియాలనడం న్యాయమే. న్యాయమని తెలిసినా నా కడుపుమంట చల్లారలేదు. అక్కడున్నన్నాళ్లూ ఇండియా మనిషినన్నారు, ఇక్కడికొస్తే ఆస్ట్రేలియా మనిషినయ్యాను.

దొర్నిపాడు లైను మొదలుపెట్టే రోజు తమ్ముడు ఫోన్ చేసి రమ్మన్నాడు. ఊరికే చూడ్డానికి. మోకాళ్ల నొప్పులన్నాను. ఇంకొక్కసారి పిలుస్తాడేమోనని పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. కారు రాలేదు. మధ్యాహ్నానికి మళ్లీ ఫోన్ వచ్చింది. లైను పడిందని, పాప స్విచ్చి వేసిందని చెప్పాడు.

"అక్కా, నీకు నెట్టు బాగొస్తాందా?" అన్నాడు.

"వస్తాందప్పా," అన్నాను.

ఫోన్ పెట్టేసి చీర మార్చుకున్నాను.