చాచా వెనక్కి తిప్పి పెట్టిన పాట

పాఠకులారా, ముందుగా మీకూ, సంగీత ప్రపంచానికీ, నాకు కంప్యూటర్ నేర్పిన గురువులకూ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇంత పెద్ద సంచికలో ఒక దర్జీ గురించి రాయడం మహాపరాధం. అయినా రాస్తున్నాను. గద్వాలలో మా పక్కింటి దర్జీ చాచా పోయిన వారం కన్నుమూశారు. వనపర్తి హాస్టల్లో ఉన్న నాకు అమ్మ ఫోన్ చేసింది. "చాచా పోయిండు బిడ్డా. దవాఖానకు తోల్కపోయేలోపే పాణం ఇడిసిండు." నా ప్యాంటు పొడవు కొలవకుండా తెలిసిన మనిషి ఇక లేడని అప్పుడు తట్టింది.

చాచాకు కొడుకు హైదరాబాదు నుంచి బొటనవేలంత ఎంపీత్రీ ప్లేయర్ తెచ్చిచ్చాడు. ఆయన మిగిలిన జాకెట్ గుడ్డతో దానికి కోటు కుట్టి, గుండీ కూడా పెట్టారు. కుట్టుమిషన్ బ్రష్‌తో రోజూ దుమ్ము దులిపేవారు. ఒకరోజు నూనెడబ్బా ముక్కును ఇయర్‌ఫోన్ రంధ్రంలో పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"అయ్యో చాచా! లోపల తిర్గెటిదేం లేదు."

"తిర్గకుంటే పాటెట్లొస్తది? కాలేజీల గిదే చెప్పిండ్రా?"

విన్నదాన్ని వెనక్కి తిప్పనిదే ఆయన ప్లేయర్ ఆపేవారు కాదు. క్యాసెట్‌ను మొదటికి తిప్పి ఇవ్వడం ఆ తరం మర్యాద. దీనికి అక్కర్లేదని చెబితే, "ఎనకొచ్చెటోడు నడిమిట్ల సురువు జేస్తడా? తప్పు గద బేటా" అనేవారు. వినేది ఆయనొక్కరే.

చాచా దగ్గర ఒకే ఒక్క క్యాసెట్ ఉండేది. పీర్ల పండుగకు ముందు ఆయన పాడుతుంటే, గట్టు అనే ఊరి నుంచి వచ్చిన దోస్తు డప్పు కొట్టిన సాధన అందులో ఉంది. ఆ దోస్తు పోయి చాలా కాలమైంది. టేపుకు బూజు పట్టింది.

"ఇది తెగకముందే గీ డబ్బిల ఎక్కియ్యి. ఇంకోటి లేదు" అన్నారు.

టేప్ రికార్డర్‌ను వైరుతో కంప్యూటర్‌కు కలిపి ఎంపీత్రీగా మార్చాను. చదువుకున్నవాణ్ని కదా, పాటల మధ్య దగ్గులు, తిట్లు, మేక అరుపులు అన్నీ కత్తిరించి నున్నగా చేసి ఇచ్చాను. చాచా చివరిదాకా విని, చెవుల్లోంచి తీగలు తీశారు.

"నా దోస్తు ఏడ వాయె?"

"డప్పు వినబడుతుంది గద చాచా."

"పాటలు నాకు నోటికొస్తయ్. వాడు తిట్టింది ఏడ వాయె?"

ప్లేయర్‌కు కోటు తొడిగి గుండీ పెట్టారు. వినడం మానేశారు కూడా.

నేను మళ్లీ క్యాసెట్ పెట్టాను. టేపు కిర్రుమంటూనే తిరిగింది. ఒకచోట చిక్కుపడితే చాచానే సూదిమొనతో మెల్లగా లాగి, పెన్సిల్‌తో చుట్టారు. ఈసారి ఏదీ కొయ్యలేదు, అంతా ఒకే ఫైలుగా ఎక్కించాను. మొదటి పాట అవుతూనే ఆ దోస్తు గొంతు పలికింది: "మిషన్ల పోసే నూనె జర నీ గొంతుల పోస్కోరాదురా, కీచుమంటున్నవ్!"

చాచా విరగబడి నవ్వారు. మళ్లీ పెట్టించుకుని, మళ్లీ నవ్వారు. క్యాసెట్ ఆ తర్వాత కొన్నాళ్లకే తెగిపోయింది.

మొన్న గద్వాలకు వెళ్తే చాచా కొడుకు ప్లేయర్ తెచ్చి, "మా అబ్బాజాన్ నీకియ్యమన్నడు" అన్నాడు. కొత్త బ్యాటరీ వేసి, మూసి ఉన్న వాళ్ల దుకాణం అరుగు మీద కూర్చుని అంతా విన్నాను.

పైన చెప్పిన క్షమాపణలన్నీ ఉత్తవే. నేను నిజంగా చేసింది ఒక్కటే. లోపల తిరిగేదేమీ లేదని బాగా తెలిసిన నేను, బటన్ నొక్కి పట్టుకుని, మేక అరుపులు దాటించి, నూనె తిట్టు దాటించి, మొదటికంటా వెనక్కి తిప్పి, అప్పుడు ఆపి, గుండీ పెట్టాను.